పక్షుల గైడు: డాబా మీదికి ఏది, చెరువుగట్టుకి ఏది?

మీరు అడిగింది ఇదీ: హనుమకొండలో ఉంటారు. డాబా మీదికి రకరకాల పిట్టలు వస్తాయి, పదేళ్ల బాబుకి వాటి మీద ధ్యాస పట్టుకుంది. ఆదివారాలు భద్రకాళి చెరువుకీ, సెలవులొస్తే పాకాలకీ వెళ్తున్నారు. ఇంట్లోనూ బయటా పనికొచ్చే ఒకే మంచి పుస్తకం కావాలి. ఫోన్లో యాప్ ఉండగా అసలు పుస్తకం ఎందుకని మీవారి అనుమానం.

ఒకే పుస్తకం రెండు చోట్లా నడవదండీ. డాబా మీదికి వచ్చేవి ఏడాది పొడుగునా దాదాపు అవే పిట్టలు. వాటి పేర్లు త్వరగానే తెలిసిపోతాయి. ఆ తర్వాత బాబు అడిగేవి వేరే ప్రశ్నలు: గూడు ఎప్పుడు కడుతుంది, ఏం తింటుంది, మొన్నటిదాకా నల్లగా మెరిసిన పిట్ట ఇప్పుడు పసుపు రంగుకి ఎందుకొచ్చింది? వీటికి కూర్చుని చదువుకునే పుస్తకం కావాలి. గట్టు మీద అలా కుదరదు. పిట్ట అర నిమిషం కనిపించి ఎగిరిపోతుంది. దాన్ని పోలినవన్నీ ఒకే పేజీలో పెట్టి, తేడా ఎక్కడుందో చెప్పే పుస్తకం అక్కడ కావాలి. కాబట్టి రెండు కొనండి. ఒకేసారి మాత్రం వద్దు, ముందు బయటికి తీసుకెళ్లేది కొనండి.

బయటికంటే నేను రిచర్డ్ గ్రిమ్మెట్, కరోల్ ఇన్‌స్కిప్, టిమ్ ఇన్‌స్కిప్ రాసిన వరస పుస్తకాలనే చెబుతాను. 1998లో వీళ్ల పెద్ద పుస్తకం 'బర్డ్స్ ఆఫ్ ది ఇండియన్ సబ్‌కాంటినెంట్' వచ్చింది, తర్వాత దాని పాకెట్ గైడు, 2011లో ఫీల్డ్ గైడు రెండో ఎడిషన్. ఒక పక్క పేజీలో బొమ్మలు, దాని ఎదురు పేజీలోనే వివరణ, పక్షి ఎక్కడెక్కడ ఉంటుందో రంగులతో చూపే మ్యాప్. పేజీ తిప్పకుండానే పని అయిపోతుంది. గట్టు మీద ఒక చేత్తో బైనాక్యులర్, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని నిలబడితే దీని విలువ తెలుస్తుంది.

అయితే ఉపఖండం మొత్తానికి రాసిన పుస్తకంతో కొత్తవాళ్లకి ఒక చిక్కుంది. మన దేశంలోనే 1300 పైచిలుకు జాతుల పక్షులున్నాయి. తెలంగాణలో కనిపించేవి వాటిలో మూడో వంతు. మిగతా పేజీలన్నీ హిమాలయాలవీ, ఈశాన్య రాష్ట్రాలవీ, అండమాన్లవీ. లాఫింగ్ థ్రష్‌లని వరసగా పేజీలకు పేజీలు వస్తాయి, వాటిలో హనుమకొండ చుట్టుపక్కల కనిపించేది ఒక్కటీ లేదు. పిల్లలు బొమ్మ చూసి "అదిగో అదే" అనేస్తారు. తీరా చూస్తే అది సిక్కింలో ఉండే పిట్ట. అందుకే గ్రిమ్మెట్, టిమ్ ఇన్‌స్కిప్ కలిసి 2005లో తెచ్చిన 'బర్డ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' దొరికితే మీరు అదే తీసుకోండి. దక్షిణాది వరకే ఉంటుంది కాబట్టి సన్నగా ఉంటుంది, బాబు చేతికి బరువు కాదు, వెతకాల్సిన పేజీలూ తక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల నాటి పుస్తకమే గానీ పక్షులకి ఆ సరిహద్దుతో పని లేదు.

అది దొరక్కపోతే ఉపఖండం గైడే తీసుకుని ఒక పని చేయండి. రెండు మూడు సాయంత్రాలు బాబుని కూర్చోబెట్టి, మ్యాప్‌లో రంగు తెలంగాణని తాకిన ప్రతి పక్షి పక్కనా పెన్సిల్‌తో టిక్ పెట్టించండి. ఊరికే కాలక్షేపం అనుకోకండి. ఆ పని అయ్యేసరికి ఏ కుటుంబం పుస్తకంలో ఎక్కడుంటుందో వాడికి చేతికి అలవాటైపోతుంది. పైగా మ్యాప్ చదవడం వస్తుంది. ఏ రంగు ఏడాదంతా ఉండేదానికి, ఏది చలికాలానికి, ఏది దారిలో ఆగి పోయేదానికి అన్నది ప్రతి పుస్తకం ముందు పేజీల్లోనే ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. చదివించండి.

మ్యాప్‌ని నమ్మడానికీ ఒక హద్దుంది. గ్రే ట్రీపై అనే పక్షి ప్రధానంగా హిమాలయాల పాదాల దగ్గరా, ఈశాన్యంలోనూ ఉంటుంది. కానీ తూర్పు కనుమల్లో, అరకు వైపు, దాని చిన్న గుంపు విడిగా ఉంది. మ్యాప్‌లో అది గోరంత చుక్క. వరంగల్ జిల్లాలో మామిడి తోటలో పొడుగు తోకతో కనిపించేది రూఫస్ ట్రీపై అని కళ్లు మూసుకుని అనుకోవచ్చు, అరకులో మాత్రం కళ్లు తెరిచి చూడాలి. ఇలాంటి చుక్కల్ని సరిగ్గా వేసిందా లేదా అన్నది చూసి పుస్తకం ఎంత శ్రద్ధగా చేశారో నేను అంచనా వేస్తాను.

కొనేముందు ఏ గైడునైనా పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. అట్ట మీద పాలపిట్ట ఎంత బాగుందో చూడకండి. పాలపిట్టని, నెమలిని, రామచిలుకని గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. నేరుగా తెల్లకొంగల పేజీ తెరవండి.

మన వరి మడిలో దున్నుతున్నప్పుడు ట్రాక్టర్ వెనక దిగే తెల్లకొంగల్లో నాలుగు రకాలుంటాయి. చిన్నదాన్ని లిటిల్ ఈగ్రెట్ అంటారు: ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. పశువుల వెంట తిరిగే క్యాటిల్ ఈగ్రెట్‌ది పొట్టి పసుపు ముక్కు, దవడ కింద కాస్త ఉబ్బుగా ఉంటుంది. జత కట్టే రోజుల్లో దాని తల, మెడ నారింజ రంగుకి తిరుగుతాయి. ఇక్కడిదాకా సులువే. మిగతా రెండూ, ఇంటర్మీడియట్, గ్రేట్ ఈగ్రెట్లు, మామూలు రోజుల్లో రెండిటికీ పసుపు ముక్కే. విడివిడిగా కనిపిస్తే ఎత్తు చెప్పలేం. తేడా ఎక్కడంటే, నోరు కలిసే గీత ఇంటర్మీడియట్‌కి కంటి కింద ఆగిపోతుంది, గ్రేట్ ఈగ్రెట్‌కి కంటిని దాటి వెనక్కి పోతుంది. పోనీ పసుపు ముక్కు అన్నా నమ్ముదామంటే జత కట్టే కాలంలో రెండిటి ముక్కులూ నల్లబడతాయి. అప్పుడు నల్ల ముక్కు చూసి లిటిల్ ఈగ్రెట్ అనుకునే ప్రమాదం ఉంది.

మీ చేతిలో ఉన్న పుస్తకం ఇవన్నీ ఒకే చోట చూపిస్తోందా? తల దగ్గర బొమ్మ విడిగా వేసి ఆ గీత చూపించిందా? రెండు కాలాల ముక్కులూ వేసిందా? వేస్తే అది పనికొచ్చే గైడు. ఒక్కో కొంగకి ఒక్కో అందమైన ఫోటో పెట్టి, కింద "చెరువుల దగ్గర కనిపిస్తుంది" అని రాసి వదిలేస్తే అది బల్ల మీద పెట్టుకునే పుస్తకం.

రెండో పేజీ షిక్రాది, అంటే మన ఊళ్లలో కోడిపిల్లల్ని తన్నుకుపోయే చిన్న డేగ. పెద్దదానికి రొమ్ము మీద సన్నని అడ్డగీతలుంటాయి. పిల్ల డేగకి అవి ఉండవు, గోధుమ రంగులో కన్నీటి చుక్కల్లాంటి మచ్చలు నిలువుగా దిగుతాయి. రెండూ పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు జాతులనుకుంటారు. ఇంకా తమాషా ఏమిటంటే కోయిల కుటుంబంలోని హాక్ కుకూ అనే పక్షి రంగులోనూ, ఎగిరే తీరులోనూ అచ్చం షిక్రాలా ఉంటుంది. చిన్న పిట్టలు దాన్ని చూసి నిజంగానే బెదిరి అరుస్తాయి. ముక్కు చూస్తే తెలిసిపోతుంది, డేగది కొక్కెంలా వంగి ఉంటుంది, కుకూది సన్నగా ఉంటుంది. మంచి గైడు షిక్రా దగ్గరే "హాక్ కుకూతో పొరబడొద్దు" అని హెచ్చరిస్తుంది, ఎందుకంటే ఆ రెండూ పుస్తకంలో వందేసి పేజీల ఎడంలో ఉంటాయి. పిల్ల డేగ బొమ్మ లేని పుస్తకాన్ని నేనైతే అక్కడే మూసేస్తాను. ఎండాకాలం చివర, వానల మొదట్లో మీ వీధి చెట్టు మీద కూర్చుని అరిచేవి చాలావరకు ఆ పిల్లలే.

మూడోది మీ డాబా పిట్టే: తేనెపిట్ట. మీ ఇంటికి వచ్చేవి రెండు రకాలై ఉంటాయి, పర్పుల్ సన్‌బర్డ్, పర్పుల్-రంప్డ్ సన్‌బర్డ్. మొదటి దాంట్లో మగది జత కట్టే రోజుల్లో నల్లగా, ఎండ పడితే నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఆ కాలం అయిపోయాక ఈకలు రాల్చి, ఆడదానిలా పసుపు పొట్టకి వచ్చేస్తుంది. గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లని చార మాత్రం మిగులుతుంది. రెండో రకం మగది ఇలా వేషం మార్చదు, ఏడాదంతా ఒకేలా ఉంటుంది. ఆడవాటిలో అయితే పర్పుల్-రంప్డ్ గొంతు తెల్లగా, బూడిద ఛాయలో ఉండి, రొమ్ము దగ్గర్నించి పసుపు మొదలవుతుంది. పర్పుల్ సన్‌బర్డ్ ఆడదానికి గొంతు నుంచీ లేత పసుపే. మీ గైడులో ఈ పక్షికి మగ, ఆడ బొమ్మలతో పాటు ఆ చార ఉన్న మూడో బొమ్మ కూడా ఉందో లేదో చూడండి.

ఈ మూడు పేజీలు చూస్తే చాలు, మిగతా పుస్తకం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

ఫోటోలతో వచ్చే గైడులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పిల్లలకి కానుకగా ఇవ్వడానికి వాటినే కొంటారు. నేను వాటికి వ్యతిరేకిని కాదు గానీ మొదటి పుస్తకంగా వద్దంటాను. ఫోటో అంటే ఒక పక్షి, ఒక రోజు, ఒక వెలుతురు. ఉదయపు ఎండలో బూడిద రంగు ఈక గోధుమ రంగులో పడుతుంది. ఒకటి పక్కకి తిరిగి ఉంటుంది, ఇంకోటి ఎదురుగా ఉంటుంది, రెండిటినీ పోల్చలేం. చిత్రకారుడు వేసిన ప్లేట్‌లో, అంటే బొమ్మల పేజీలో, అన్నీ ఒకే వైపు తిరిగి, ఒకే కొలతలో ఉంటాయి. కాబట్టి కళ్లు తేడాని ఇట్టే పట్టుకుంటాయి. ఇంటికొచ్చాక "మనం చూసింది ఇదేనా" అని సరిచూసుకోవడానికి ఫోటోలు బ్రహ్మాండంగా పనికొస్తాయి. దానికి పుస్తకం కొనక్కర్లేదు, పక్షులు చూసేవాళ్లు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ సైట్లో ప్రతి జాతికీ బోలెడు ఫోటోలు ఊరికే దొరుకుతాయి.

ఇక మీవారి ప్రశ్న, యాప్ సంగతి. కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ మంచిది, ఉచితం, తప్పకుండా పెట్టుకోండి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మన ప్రాంతం ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుంటే పాకాలలో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఎక్కడ చూశారు, ఎప్పుడు, ఎంత సైజు, ఏ రంగులు, ఏం చేస్తోంది అని అయిదు ప్రశ్నలడిగి కొన్ని పేర్లు చూపిస్తుంది. ఫోటో ఇస్తే గుర్తుపడుతుంది. కూత వినిపించినా చెబుతుంది. ఇంత చేసేదానికి పుస్తకం ఎందుకంటే, యాప్ పేరు చెప్పేస్తుంది, అక్కడితో ఆట అయిపోతుంది. ఎందుకు అది అని చెప్పదు, పక్కన ఉన్న అయిదు పోలికల్నీ ఒకేసారి చూపించదు. రెండు నెలలు యాప్‌తో తిరిగిన పిల్లాడికి చాలా పేర్లు వస్తాయి. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే మాత్రం ఎదురుగా ఉన్న కొంగ ఏదో చెప్పలేడు.

కూతల విషయంలో ఇంకో జాగ్రత్త. ఏట్రింత, అంటే కరెంటు తీగ మీద చీలిన తోకతో కూర్చునే నల్ల పిట్ట, షిక్రా కూతని అచ్చుగుద్దినట్టు అనుకరిస్తుంది. అడవుల్లో ఉండే పెద్ద రాకెట్-టెయిల్డ్ డ్రాంగో అయితే ఏ పక్షి గొంతునీ వదలదు. పచ్చగా ఆకుల్లో కలిసిపోయే జెర్డన్స్ లీఫ్‌బర్డ్ కూడా అంతే. యాప్ మాత్రం విన్నది విన్నట్టు రాసుకుంటుంది. తెర మీద అయిదు పేర్లు పడ్డాయంటే చెట్టు మీద అయిదు పక్షులున్నాయని కాదు, ఒక్కటే కూర్చుని అయిదు గొంతులు మారుస్తూ ఉండొచ్చు. పేరు పడగానే అటువైపు చూడాలి, కంటికి కనిపిస్తేనే లెక్క అని బాబుకి మొదటి రోజే చెప్పండి. ఇంకొకటి, యాప్‌లోని కూత గట్టిగా పెట్టి పిట్టని పిలవడం పిల్లలకి సరదాగా ఉంటుంది. గూడు కట్టే రోజుల్లో అలా చేస్తే వేరే మగపక్షి వచ్చిందనుకుని అవి గూడు వదిలి కంగారుగా తిరుగుతాయి. అది మాన్పించాలి.

పుస్తకానికి నిజంగా తోడుగా నిలిచేది యాప్ కన్నా ఈబర్డ్‌లోని జిల్లా బార్ చార్టు అని నా అభిప్రాయం. సైట్లో మీ జిల్లా పేరు ఇస్తే అక్కడ నమోదైన పక్షులన్నీ వరసగా వస్తాయి. ప్రతి పక్షి ఎదురుగా పన్నెండు నెలల గీత ఉంటుంది. ఒక్కో నెలని నాలుగు ముక్కలు చేసి, ఆ రోజుల్లో అది ఎంత తరచుగా కనిపిస్తుందో గీత మందంతో చూపిస్తారు. దాన్ని ప్రింట్ తీసి గైడు వెనక అట్టలో పెట్టుకోండి. జూన్‌లో జిట్టంగిలాంటి (ఇంగ్లిష్‌లో వ్యాగ్‌టెయిల్) పిట్ట కనిపించిందనుకోండి, చార్టు చూస్తే వలస వచ్చే తెల్ల, పసుపు జిట్టంగుల గీతలు ఆ నెలలో ఖాళీగా ఉంటాయి. ఏడాదంతా గీత ఉన్నది వైట్-బ్రౌడ్ వ్యాగ్‌టెయిల్ ఒక్కటే. ఇక గైడులో ఆ ఒక్క బొమ్మతో సరిపోల్చుకుంటే చాలు.

ఇంట్లోకి ఏ పుస్తకం అంటే నా ఓటు సలీం అలీ 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్'కే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1941లో మొదట వేసింది, 13వ ఎడిషన్ 2002లో వచ్చింది. గైడుగా చూస్తే దానికి లోపాలున్నాయి. అన్ని పక్షులూ లేవు, ఆడవీ పిల్లలవీ బొమ్మలు చాలావాటికి లేవు, వివరణ కోసం పేజీలు తిప్పుకోవాలి. కానీ ఒక్కో పక్షి గురించి ఆయన రాసిన పేజీ చదివితే ఆ పక్షి కళ్ల ముందు తిరుగుతుంది. ఎక్కడ మేస్తుంది, ఏం తింటుంది, ఏ నెలల్లో గూడు కడుతుంది, గుడ్లు ఏ రంగు, అన్నీ ఉంటాయి. రాసింది పుస్తకాలు చూసి కాదు, తిరిగి చూసి. 1931-32లో నిజాం రాజ్యమంతా పక్షుల సర్వే చేసింది ఆయనే. మన ఊళ్లూ, మన అడవులూ ఆయనకి నడిచి తెలిసినవే. సాయంత్రం డాబా మీద ఆ పుస్తకం పట్టుకుని, ఆ రోజు కనిపించిన పిట్ట పేజీ ఒక్కటి బాబు చేత గట్టిగా చదివించండి. ఇంగ్లిష్ కూడా వస్తుంది, అది మీకు ఉచితం.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన పద్ధతి ఇంకోటుంది. పక్షి సైజుని సెంటీమీటర్లతో సరిపెట్టకుండా పిచ్చుకంత, బుల్బుల్ అంత, మైనా అంత, కాకంత, గద్దంత అని చెప్పి, అటూఇటూ అయితే ప్లస్, మైనస్ గుర్తు పెడతారు. సెంటీమీటర్ల లెక్క ముక్కు కొస నుంచి తోక కొస దాకా కాబట్టి పొడుగు తోక పిట్టలతో మోసపోతాం. చెట్టు మీద కూర్చున్నదాన్ని టేపు పెట్టి కొలవలేం కదా. బుల్బుల్ సుమారు 20 సెంటీమీటర్లు, గోరింక 23 నుంచి 25, మన ఊరకాకి 40 దాటి ఉంటుంది. ఈ మూడూ బాబుకి ఎలాగూ తెలుసు. కొత్తది ఏది కనిపించినా "గోరింక కన్నా చిన్నది, బుల్బుల్ కన్నా పెద్దది" అని చెప్పడం అలవాటు చేస్తే సగం పేజీలు తిప్పక్కర్లేదు.

పమేలా రాస్‌ముసెన్, జాన్ ఆండర్టన్‌ల 'బర్డ్స్ ఆఫ్ సౌత్ ఏషియా: ద రిప్లీ గైడ్' గురించి ఎవరైనా చెబుతారు. 2005లో వచ్చింది, రెండో ఎడిషన్ 2012లో. రెండు సంపుటాలు. ఒకటి బొమ్మలది, రెండోది పూర్తిగా వివరాలది. కూతల్ని గ్రాఫుల్లా అచ్చేసిన సోనోగ్రాములు ఉంటాయి. చీకట్లో గొంతు తప్ప ఇంకేమీ తెలియని నైట్‌జార్ల లాంటి పక్షులకి అవి బాగా పనికొస్తాయి. గొప్ప పుస్తకమే, నేను ఇంట్లో వాడతాను. కానీ మీకిప్పుడు వద్దు. బాబుకి పన్నెండేళ్లో పదమూడేళ్లో వచ్చి, ఇంకా ఈ పిచ్చి వదలకపోతే అప్పుడు కొనండి. సలీం అలీ, డిల్లన్ రిప్లీ కలిసి 1968 నుంచి 1974 దాకా తెచ్చిన పది సంపుటాల 'హ్యాండ్‌బుక్' లైబ్రరీలో దొరికితే చూడండి, కొనే సంగతి మర్చిపోండి.

తెలుగు పేర్ల గురించి కూడా ఒక మాట. గైడు ఇంగ్లిష్‌దే అయినా, ప్రతి బొమ్మ పక్కన మీ అత్తగారో, పొలం పనికి వచ్చేవాళ్లో చెప్పే పేరు పెన్సిల్‌తో రాయించండి. గుడ్డికొంగ, కంకణం, జెముడుకాకి, పికిలిపిట్ట, లకుముకి, పగిడికంటె, గిజిగాడు. ఊరూరికీ మారినా సరే, రెండు పేర్లుంటే రెండూ రాయండి. 1862-64లో 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' రాసిన జెర్డన్, కలివికోడికి ఇంగ్లిష్‌లో ఎవరి పేరుందో ఆయనే, చాలా పక్షుల కింద తెలుగు పేర్లు ఇచ్చాడు. ఆ సంపుటాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరికే చదువుకోవచ్చు. పాత లిపిమార్పిడితో కాస్త కుస్తీ పట్టాలంతే.

ఇంగ్లిష్ పేర్లతో మాత్రం విసుగు తప్పదు. తుంగలో తిరిగే ఊదా నీలం రంగు నీటికోడిని సలీం అలీ పర్పుల్ మూర్‌హెన్ అంటారు, గ్రిమ్మెట్‌లో అది పర్పుల్ స్వాంప్‌హెన్, మెర్లిన్‌లో గ్రే-హెడెడ్ స్వాంప్‌హెన్. పక్షి ఒక్కటే. శాస్త్రవేత్తలు జాతుల్ని విడదీసినప్పుడల్లా పేర్లు మారతాయి. పుస్తకం పాతదైపోయిందని దీనివల్ల బెంగపడకండి. కొత్త పేరు పక్కన రాసుకుంటే సరిపోతుంది. బొమ్మలు, తేడాలు ఎక్కడికీ పోవు.

వాడే తీరు సంగతికొస్తే, పక్షి కనపడగానే పుస్తకం తెరవకండి. పేజీ దొరికేలోపు అది ఎగిరిపోతుంది, మీరు సరిగ్గా చూసి ఉండరు కూడా. ఉన్నంతసేపూ దాన్నే చూడాలి, బాబు చూసింది చూసినట్టు గట్టిగా చెబుతూ ఉండాలి: కంటి మీద గీత ఉంది, కాళ్లు పసుపు, తోక కిందికీ పైకీ కొడుతోంది. భద్రకాళి గట్టు మీద చలికాలంలో ఇదెంత పనికొస్తుందో చూడండి. నీటి అంచున తిరిగే చిన్న ఉల్లంకి పిట్టలు మొదట అన్నీ ఒకేలా ఉంటాయి. ఆగకుండా వెనకభాగం ఊపుతూ, రొమ్ము పక్క నుంచి భుజం మీదికి తెల్లని ముక్క చొచ్చుకొచ్చినట్టుంటే కామన్ శాండ్‌పైపర్. కంటి మీద తెల్లగీత కొట్టొచ్చినట్టుండి, వీపంతా చుక్కలుండి, కాళ్లు పసుపు ఛాయలో ఉంటే వుడ్ శాండ్‌పైపర్. ఎగిరినప్పుడు రెక్కల అడుగు నల్లగా, నడుము మీద తెల్లగా మెరిస్తే గ్రీన్ శాండ్‌పైపర్. ఈ మూడు సంగతులూ నోట్‌బుక్‌లో గీసుకున్నాక పుస్తకం తెరిస్తే సమాధానం నిమిషంలో దొరుకుతుంది. చూడకుండా తెరిస్తే ఆ రెండు పేజీల దగ్గరే తలపట్టుకుని కూర్చుంటారు.

పుస్తకానికి దళసరి ప్లాస్టిక్ అట్ట వేయించండి. కొంగలు, డేగలు, నీటి అంచు పిట్టలు, బుల్బుళ్లు, బాబ్లర్లు, ఈ అయిదు చోట్ల రంగు కాగితం ముక్కలు అంటించండి. అంతకన్నా ఎక్కువ అంటిస్తే ఏది ఏదో మళ్లీ వెతుక్కోవాలి.

హైదరాబాద్ వచ్చే పని ఉంటే కొనేముందు పుస్తకాల్ని చేత్తో పట్టుకుని చూసే వీలుంది. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అన్న పేరుతో నడిచే సంఘం ఫీల్డ్ ట్రిప్పులు పెడుతుంది. ఒక ట్రిప్పుకి వెళ్తే నాలుగైదు రకాల గైడులు నాలుగైదు సంచుల్లో కనిపిస్తాయి, అడిగితే ఎవరూ కాదనరు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో సలీం అలీ పాత ఎడిషన్లు అప్పుడప్పుడు తగులుతాయి. ఇంట్లో చదువుకోవడానికి అవి నిక్షేపంగా సరిపోతాయి. ఫీల్డ్ గైడు మాత్రం అలా ఎవరో అమ్మేసిన జిరాక్స్ రకం ముద్రణ కొనకండి. నకిలీ ప్రతుల్లో రంగులు చెడిపోతాయి. ఇటుక రంగు ఎరుపైపోతుంది, ఆలివ్ ఆకుపచ్చ బూడిదైపోతుంది. మామూలు నవలకి పర్వాలేదు గానీ, రంగు ఛాయ మీదే ఆధారపడే పుస్తకానికి అది ప్రాణాంతకం.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, వచ్చిన రోజే గోరింక పేజీ తెరిచి కంటి చుట్టూ ఉన్న పసుపు, ఒంటి గోధుమ రంగు మీ కిటికీ బయటి గోరింకతో సరిపోల్చండి. ప్లేట్లలో గీతలు అలుక్కుపోయినట్టుంటే, బొమ్మ అంచు దాటి రంగు పక్కకి జరిగి ఉంటే, మొహమాటపడకుండా వాపసు పంపేయండి. వాపసు గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది, అట్ట వేయించడం ఆ పరీక్ష అయ్యాకే.